గోడకత్తి, చేతికత్తి

ఖమ్మం,
ఆగస్టు 11.

చిరంజీవి ప్రకాశ్‌కు,

అత్త పద్మావతమ్మ దీవించి రాస్తున్నది. క్షేమమా అని మొదలుపెట్టాలంటే చెయ్యి రావడం లేదు. జైల్లో ఉన్నవాణ్ణి క్షేమమా అని ఎట్లా అడుగుతారు? తిండి తింటున్నావా, అది మాత్రం రాయి.

డ్రైవరు జైరాం నిన్న వచ్చి జరిగిందంతా చెప్పాడు. చర్ల దాటాక పోలీసు క్యాంపు దగ్గర కారు ఆపి డిక్కీ తీయమన్నారట. కిరీటాలు, గడ్డాలు, జరీ దట్టీలు చూసినంతసేపు నవ్వుతూనే ఉన్నారట. అడుగున గోనెపట్టా విప్పేసరికి నవ్వు ఆగిపోయిందట. "గిన్ని కత్తులేంది? ఎవరికి తీస్కపోతున్నవ్?" అని ఒకాయన అడిగితే, "నాటకానికి సార్, దీపిక టీచరమ్మ బడిల కాకతీయుల నాటకం ఉన్నది" అని జైరాం చెప్పాడట. "గీ వానల, గీ అడివిల నాటకమా?" అన్నారట. సాయంత్రానికి జైరాంను వదిలేశారు. సామాను నీ పేరున ఉంది కాబట్టి నిన్ను ఉంచుకున్నారు.

అంతవరకు నాకు అర్థమైంది. కానీ జైరాం కత్తులు ఆరు అంటాడేమిటి? మన నాటక సామాను కొట్లోంచి నేను నీ చేతికిచ్చినవి అయిదు. అయిదూ గోడకత్తులే, గోడకు తగిలించుకోవడానికీ సభల్లో నాయకుల చేతిలో పెట్టి ఫోటో దిగడానికీ తప్ప ఎందుకూ కొరగానివే. ఆరోది ఏదా అని కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళి చూశాను. ఖాళీ. మీ మామయ్య చేతికత్తి లేదు.

ముత్యాలు నెల రోజులుగా దాని చుట్టూనే తిరుగుతున్నాడు. "ఎంతంటే గంతిస్త అమ్మా, మా నాయకుని సన్మానానికి అసలైన కత్తి కావాలె" అని వాడు, కుదరదని నేను. నువ్వు కుదురుతుందన్నావా? కాలు విరిగి కూర్చుంది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నావా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అన్నయ్య పోయిన నాటి నుంచి నా చేతి ముద్ద తిని పెరిగినవాడివి. నిన్ను ఈ మాట అనాల్సి వచ్చిందే అని బాధగా ఉంది.

వకీలు సంగీత వారానికి రెండుసార్లు భద్రాచలం వస్తుంది. ఉత్తరాలు తనే తెస్తుంది, తీసుకుపోతుంది. మామిడికాయ పచ్చడి పంపుదామంటే లోపలికి రానివ్వరంది.

కోపంతోనే,
అత్త.


భద్రాచలం,
ఆగస్టు 13.

అత్తకు ప్రకాశ్ నమస్కారాలు.

తింటున్నాను. లావు బియ్యం, పలచటి పప్పు. గోదావరి పెరుగుతోంది. కరకట్ట వైపు నుంచి మైకులో హెచ్చరికలు వినబడుతున్నాయి. ఇక్కడి ఫోను వానలకు పడిపోయింది, ఇంకా బాగుచేయలేదు. ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే నువ్వు తిట్టేదానివి, నేను ఎదురు మాట్లాడేవాణ్ణి.

ముందు ఒక మాట తెలుసుకో. వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా జైలు అధికారి చదివాకే చేతులు మారుతుంది. నీ ఉత్తరం నాకిస్తూ, "మీ అత్త బాగా గట్టిదున్నదే" అన్నాడు. అందుకని కొన్ని సంగతులు రాయలేను.

ఆరో కత్తి నేనే పెట్టాను. అమ్మడానికి కాదు. మామయ్య మీద ఒట్టు. ఎందుకు పెట్టానో కాగితం మీద రాస్తే, మనల్ని ఎరగనివాళ్ళకు అది మరోలా కనబడుతుంది. నీకు తెలియాలంటే మన కొట్లో పనిచేసే గోపాలును పిలిచి చొక్కా విప్పమను. దానితో సగం తెలుస్తుంది. మిగతా సగం ఇంకొకరి మాట. నీకు చెప్పనని వాళ్ళకు మాటిచ్చాను.

ఎవరైనా కొట్టుకు వచ్చి కత్తుల గురించి అడిగితే తక్కువ మాట్లాడు అత్తా. అది నీకు ఉపవాసం కంటే కష్టమని తెలుసు. అయినా ఈ ఒక్కసారికి ఓర్చుకో. పద్దెనిమిదిన బెయిలు సంగతి కోర్టు ముందుకు వస్తుంది. వస్తే ఆ రాత్రికి ఇంట్లో ఉంటాను.

కాలు కింద పెట్టకు.

ప్రకాశ్.


ఖమ్మం,
ఆగస్టు 17.

చిరంజీవి ప్రకాశ్‌కు ఆశీస్సులు.

తక్కువ మాట్లాడమని రాశావు. ఆ ఉత్తరం నాకు నిన్న అందింది. పోలీసులు మొన్ననే వచ్చి వెళ్ళారు. అయినా నువ్వేం దిగులు పడకు. నేను తలవంపుల మాట ఒక్కటి కూడా మాట్లాడలేదు.

ఇద్దరు వచ్చారు. మర్యాదస్తులే, చెప్పులు బయట విడిచి వచ్చారు. ఫోనులో కత్తుల ఫోటోలు చూపించి, "అమ్మా, ఇవి అసలువేనా, డూప్లికేటా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ కొట్టు. "బాబూ, మా కొట్లో డూప్లికేటన్న మాటే లేదు. ఇక్కడి నుంచి సత్తుపల్లి దాకా ఏ నాటక సమాజాన్నైనా అడుగు" అన్నాను. "అంటే గట్టివేనా?" అన్నాడు చిన్నాయన. "గట్టివా అని మెల్లగా అడుగుతావేంది నాయనా, ఏనుగును కొట్టినా వంగవు" అన్నాను. అవును, గోడకత్తుల గురించి కూడా అదే మాట చెప్పాను. మన సరుకును మనమే తక్కువ చేసుకుంటే ఎదుటివాడు ఎక్కువ చేస్తాడా?

చేతికత్తి ఫోటో వచ్చేసరికి నన్ను నేను ఆపుకోలేకపోయాను. అది మ్యూజియంలో ఉన్న పాత కత్తి కొలతలు తీసుకుని ఉత్తరాదిలో చేయించిన నకలనీ, కానీ పని మాత్రం ఆనాటి పనేననీ చెప్పాను. గోడకత్తి స్టెయిన్‌లెస్ రేకు, దీనిది స్ప్రింగు ఉక్కు. దీని తోక, అంటే బ్లేడు వెనక కొస, పిడి లోపల చివరిదాకా పోయి, గుబ్బ మీద సుత్తితో మడిచి ఉంటుంది. అందుకే పిడి ఊడదు. మొనకు పోనుపోను పలచబడుతుంది, అందుకే చేతికి బరువు తెలియదు. మీ మామయ్య దాని మొనను గడప మీద ఆనించి వంచి వదిలితే ఎట్లా మోగేదో కూడా చెప్పాను. అన్నీ రాసుకుని సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

ఇక గోపాలు సంగతి. పిలిచి చొక్కా విప్పమన్నాను. వాడి ఒంటి మీద ఏదో దాచి ఉంచావనుకున్నాను. చొక్కా అనగానే చటుక్కున భుజం పట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమని ఊరికే అనలేదు. "ఏం దాచావురా?" అని గట్టిగా అడిగాను. "నన్ను దొంగనుకుంటున్నవా అమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని తల్లాడ బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాడు. ఇద్దరూ కలిసి ఏం చేశారో నాకైతే తెలియలేదు.

రేపు బెయిలు వస్తుంది. నీకు ఇష్టమని గుత్తొంకాయకు కాయలు తెప్పించాను.

అత్త.


భద్రాచలం,
ఆగస్టు 20.

అత్తకు నమస్కారాలు.

బెయిలు రాలేదు. ఎందుకు రాలేదో సంగీత గారు చెబుతారు. నేను రాస్తే బాగుండదు.

నీ ఉత్తరం చదివాను. భేష్ అత్తా. కొట్టు పరువు నిలబెట్టావు. మామయ్య ఉంటే నీకు శాలువా కప్పేవాడు. ఇంకా చెప్పకుండా ఏమైనా మిగిలిపోయి ఉంటే అదీ చెప్పెయ్. సగంలో ఆపడం ఎందుకు?

గోపాలును పంపేశావు. మంచిపని చేశావు. నా తరఫున మాట్లాడగలిగినవాడు వాడొక్కడే.

ఇక్కడ జంపక్క అని ఊడ్చే ఆమె ఒకామె ఉంది. "నీకెవరున్నరు బాబూ?" అని అడిగింది. అత్త ఉందన్నాను. "అయితే జల్దీ బయటవడ్తవ్ తియ్" అంది.

వంకాయలు వాడిపోయి ఉంటాయి. వండుకుని తిను.

ప్రకాశ్.


ఖమ్మం,
ఆగస్టు 23.

చిరంజీవి ప్రకాశ్‌కు,

నీ ఉత్తరం మొన్న సంగీత గుమస్తా తెచ్చి గడపలోనే ఇచ్చి పోయాడు. బెయిలు రాలేదన్న ముక్క చదివి ఏడ్చాను. తర్వాతి ముక్క చదివి కళ్ళు తుడుచుకున్నాను. కొట్టు పరువు నిలబెట్టానని నువ్వైనా గుర్తించావు. మీ మామయ్య పోయాక నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఎవరున్నారు?

మిగిలింది ఉంటే చెప్పెయ్యమన్నావు కదా, ఉంది. చేతికత్తితో వచ్చిన సర్టిఫికెట్టును మామయ్య ఫ్రేము కట్టించి దేవుడి గదిలో పెట్టాడు గుర్తుందా? ఆ ఫ్రేమును నిన్ననే జైరాం చేత పోలీసులకు పంపాను. ఏ ఉక్కు, ఎంత వంచితే మళ్ళీ ఎట్లా లేస్తుంది, పదును పెడితే ఎన్నాళ్ళు నిలుస్తుంది, అంతా ఇంగ్లీషులో ఉంది. మనం ఆషామాషీ మనుషులం కాదని వాళ్ళకు తెలియాలి.

ఇక్కడ కలం ఆపాను. సంగీత వచ్చింది. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను.

సంగీత కూర్చోమంటే కూర్చోలేదు. "అమ్మా, మీరేం చేసిన్రో మీకెరుకేనా?" అంది. "డూప్లికేటంటే బొమ్మ. బొమ్మకు కేసు లేదు. అసలుదంటే ఆయుధం. లైసెన్సు లేని ఆయుధం, అదీ అడివి అంచుకు. నేను కోర్టుల బొమ్మలు సార్, బొమ్మలు సార్ అని మొత్తుకుంటున్న. అటు పక్కాయన మీ సంతకం తీసి, ఏనుగును కొట్టినా వంగవని చదివిండు. ఇప్పుడు సర్టిఫికెట్టు గూడ పంపిన్రట."

నాకు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి ప్రకాశ్. గిరాకీ ముందు సరుకును పొగిడినట్టు పోలీసుల ముందు పొగిడాను. ముప్పై ఏళ్ళ అలవాటు నోట్లోంచి వచ్చేసింది. నీ కాలికి గొలుసు నేనే వేశాను.

నువ్వు కూడా తక్కువవాడివి కాదు. భేష్ అన్నావు, శాలువా అన్నావు. అది వెటకారమని నాకెట్లా తెలుస్తుంది? నీ వెటకారం నమ్మే సర్టిఫికెట్టు పంపాను. కోపం వస్తే కోపమని రాయి. నాకు కోపం భాష బాగా వచ్చు.

సంగీత గోపాలును కూడా వెంటబెట్టుకుని వచ్చింది. వాడు నా ముఖం చూడకుండా చొక్కా గుండీలు విప్పాడు. భుజం నుంచి ఛాతీ దాకా కుట్ల మచ్చ. బండి మీద నుంచి పడ్డానని మీరిద్దరూ నాకు చెప్పిన దెబ్బ ఇదేనట. "దసరా నాటకంల అమ్మా. గా ఎదురుంగ ఉన్నోని చేతిల పిడి ఉన్నది ఉన్నట్టే ఉన్నది, బ్లేడు లేచొచ్చి నా మీద వడ్డది. మన గోడకత్తే. నీకు చెప్తే కొట్టు మూస్తవని ప్రకాశ్ బాబు వద్దన్నడు" అన్నాడు. వాణ్ణి దొంగ అన్న నోటితోనే క్షమించమని అడిగాను. వాడు, "అన్నం పెట్టు అమ్మా, పొద్దున్నుంచి తినలే" అన్నాడు.

ఆ మిగతా సగం కూడా సంగీతే చెప్పింది. నా కూతురు నాటకం రాసిందని మాత్రమే నాకు తెలుసు. సేనాని వేషం కట్టి కత్తియుద్ధం చేసేది కూడా దీపికేనట.

ఇరవై తొమ్మిదిన ఆర్మరర్ చేత, అంటే పోలీసుల ఆయుధాలు చూసే ఆయన చేత, కత్తులకు పరీక్ష పెట్టిస్తారు. విరిగితే బొమ్మలు, నువ్వు ఇంటికి. నిలబడితే సంగతి వేరు. యజమానురాలిగా నన్నూ రమ్మన్నారు.

అత్త.


భద్రాచలం,
ఆగస్టు 26.

అత్తకు,

కోపమైతే కోపమని రాయమన్నావు. రాస్తున్నాను. ఆ రోజు కోర్టులో నీ మాటలు చదువుతుంటే నాకు ఎంత కోపం వచ్చిందంటే, అత్తకు నేను కావాలా కత్తి కావాలా అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ బీరువా అద్దం నువ్వు రోజూ తుడుస్తావు. నా జ్వరం రోజు కూడా ముందు అద్దం తుడిచి తర్వాత నా దగ్గరికి వచ్చావు. అది గుర్తొచ్చింది. ఇప్పుడు కోపం లేదు. రాయమన్నావు కాబట్టి రాశాను.

ఇక దాచాల్సిందేమీ లేదని సంగీత గారు అన్నారు. "యుద్ధానికి గట్టి కత్తి కావాలని పెట్టాను" అని మొదట్లోనే రాసి ఉంటే, చదివే అధికారి ఏమనుకునేవాడో నువ్వే చెప్పు. నాకు ఉన్న ఒకే ఒక్క నిజం అది. దాన్ని రాస్తే నేరం ఒప్పుకున్నట్టుంది, రాయకపోతే దొంగతనం చేసినట్టుంది.

గోపాలు మీద బ్లేడు పడిన రోజు దవాఖానాలో వాడి పక్కన కూర్చున్నాను. ఇంకో జానెడు పైకి వచ్చి ఉంటే మెడ. చూసేవాళ్ళకు గోడకత్తి ఎంత అందంగా ఉంటుంది, రాళ్ళూ మెరుపూ. లోపల పెన్సిలంత కమ్మీకి ఒక వెల్డింగు బొట్టు. అలాంటిది దీపిక చేతికి ఎలా ఇస్తాను? అందుకే దీపికకు చేతికత్తి, ఎదుటి మాస్టారికి వెండి రంగు వేయించిన కర్రకత్తి అనుకున్నాను. చేతికత్తిది మొండి అంచే కదా, కర్రకు మెల్లగా తాకిస్తే సరిపోతుంది. మిగతా అయిదు గోడకత్తులూ వెనక నిలబడే భటులకు.

ఇద్దరికీ కర్రవే ఇవ్వొచ్చు కదా అంటావు. ఇవ్వొచ్చు. కానీ దీపిక చిన్నప్పుడు ఆ బీరువా ముందు ఎంతసేపు నిలబడేదో నీకు గుర్తుందా? మామయ్య ముట్టుకోనివ్వలేదు. తర్వాత నువ్వూ ముట్టుకోనివ్వలేదు. "బావా, ఒక్క రోజు" అని అడిగింది. నేను కాదనలేకపోయాను. దీని మీద నువ్వేమైనా అనుకో.

ఇరవై తొమ్మిదిన అది విరగాలని కోరుకుంటున్నాను. మామయ్య కత్తి విరగాలని కోరుకోవడం పాపమో కాదో నాకు తెలియదు. నువ్వు అక్కడికి వెళ్ళకు. చూడలేవు.

ప్రకాశ్.


ఖమ్మం,
ఆగస్టు 30.

చిరంజీవి ప్రకాశ్‌కు,

వెళ్ళాను. వెళ్ళకుండా ఎట్లా ఉంటాను?

షెడ్డులో ఒక బల్ల, దానికి వైసు. ఆర్మరర్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకున్న పెద్దమనిషి. ముందు గోడకత్తులు తీశాడు. మొదటిదాన్ని వైసులో బిగించి పిడి మీద సుత్తితో ఒక్కటి వేశాడు. పిడి ఊడి నేల మీద దొర్లింది. "ఏనుగును కొట్టేది గిదేనా అమ్మా?" అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్. అందరూ నవ్వారు. నా కొట్టు సరుకును చూసి నవ్వుతున్నారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇంకొకటి ఊడింది. ఇంకొకటి. ఊడిన ప్రతి పిడికీ లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. అయిదూ ఊడాయి. అయిదింటికీ బొమ్మలని రాసుకున్నారు.

తర్వాత చేతికత్తి తీశాడు. ఆ తళుకుల పక్కన అది ఎంత బీదగా ఉందో. మెరుపు లేదు, రాయి లేదు, నల్ల తోలు చుట్టిన పిడి. తెలియనివాడెవడైనా దీన్నే చౌకరకం అంటాడు. కానీ ఆయన చేతిలోకి తీసుకోగానే ముఖం మారింది. "తేలికున్నదే" అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తాను.

సుత్తి దెబ్బకు పిడి కదల్లేదు. ఇంకో దెబ్బకూ కదల్లేదు. అప్పుడు మొన పట్టుకుని వంచాడు. మీ మామయ్య గడప మీద వంచినదానికంటే ఎక్కువ వంచాడు. విరుగు తల్లీ, విరుగు అనుకున్నాను. అది చాలకపోతే వంకరగానైనా ఉండిపో అనుకున్నాను. ఆయన వదిలాడు. టంగుమని నిటారుగా నిలబడింది. షెడ్డంతా మోగింది. ఇంకా వంచాడు, చేతుల నరాలు ఉబ్బాయి. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ అదే మోత.

నీకు అబద్ధం రాయను. ఆ మోత విన్నప్పుడు నాకు ముందు గర్వమే వచ్చింది. మా ఆయన కొన్నది ఎంత గొప్పదో చూడండ్రా అనిపించింది. ఆ మరుక్షణం నువ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. నువ్వు మొన్న రాసినది అన్యాయమేమీ కాదు.

"ఇది ఆయుధమే" అని రాశాడు.

సంగీత అక్కడి పోలీసు పెద్ద అధికారితో చాలాసేపు మాట్లాడింది. గోపాలు మచ్చ చూపించింది, దవాఖానా కాగితాలు ఇచ్చింది, నాటకం గురించి బడి వాళ్ళు రాసిన ఉత్తరం ఇచ్చింది. ఆయన కఠినుడు కాదు. నాతో రెండు దారులు చెప్పాడు. ఆ కత్తి మాకు కావాలి, మా కళాసామగ్రి, అని కొట్లాడితే కొట్లాడవచ్చు. కత్తి ఏనాటికో దక్కవచ్చు కూడా. అన్నాళ్ళూ కేసు ఉంటుంది, నువ్వు వాయిదాల చుట్టూ తిరుగుతూ ఉంటావు, బెయిలు ఎప్పుడో తెలియదు. రెండోది, దాని తోక కోసి, గోడకత్తి లాగే సన్న కమ్మీ అతికించి పనికిరాకుండా చేయడానికి యజమానురాలు ఒప్పుకుంటే, ఆయన బెయిలుకు అడ్డు చెప్పడు. జడ్జీగారు కూడా సరేనన్నారు.

సంతకం పెట్టాను. ఈసారి ముందు చదివించుకుని పెట్టాను.

అత్త.


భద్రాచలం,
సెప్టెంబరు 1.

అత్తా,

ఆ సంతకం వెనక్కి తీసుకో. ఇది కోపం కాదు, వెటకారం కాదు, బతిమాలుతున్నాను.

గోదావరి తగ్గింది. ఇక్కడ నాకు అలవాటైపోయింది. జంపక్క తెచ్చే వార్తలతో పొద్దు గడుస్తుంది. ఇంకో రెండు నెలలైనా ఉండగలను. సంగీత గారు కొట్లాడగలరు. మామయ్య చేతితో మోగించినది ఇంట్లో అదొక్కటే ఉంది. నా వల్ల అది పోతే, రేపు ఆ ఖాళీ బీరువా ముందు నేను ఎట్లా తిరుగుతాను? నువ్వు ఏమీ అనవు. అనకుండా అద్దం తుడుస్తావు. అది నేను భరించలేను.

కొట్లో అసలుదంటూ ఉన్నది అదొక్కటే అత్తా. అది కూడా గోడకత్తి అయిపోతే ఇంకేం మిగులుతుంది?

వెంటనే జవాబు రాయి.

ప్రకాశ్.


ఖమ్మం,
సెప్టెంబరు 3.

చిరంజీవి ప్రకాశ్‌కు,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి పని అయిపోయింది. మంచిదే అయింది. ముందే వచ్చి ఉంటే ఏడ్చి, ఆలోచించి, ఇంకో రోజు వృథా చేసేదాన్ని.

దీపిక చర్ల బస్సు పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే, "అమ్మా, అంతా నావల్లే" అని మొదలుపెట్టింది. నీవల్ల, నావల్ల అని పంచుకునే ఓపిక నాకు లేదు, పద అన్నాను. పోలీసు స్టేషను ఆవరణలో కత్తి బయటికి తెచ్చారు. నేను అధికారిని అడిగాను. "అయ్యా, కోసే ముందు మా అమ్మాయి ఒక్కసారి పట్టుకుంటుంది" అన్నాను. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

దీపిక పట్టుకుంది. నేను చెప్పకుండానే రెండడుగులు వెనక్కి వేసి, ఒక్కసారి గాలిలో తిప్పింది. అంతే. తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ అద్దం వెనక ఉంచి నేను ఏం కాపాడానో నాకు అర్థం కాలేదు.

పిడి విప్పి తోక బయటికి తీశారు. వెల్డింగు కుర్రాడు హ్యాక్సా రంపం తీసుకుంటే, ఇటు ఇవ్వమన్నాను. కొట్టు నాది, కత్తి నాది, కొయ్యాల్సింది నేనే. స్టూలు మీద కూర్చుని, కట్టు కాలు చాపుకుని కోశాను. హ్యాక్సా పళ్ళు అరిగిపోయాయి, దానికి గీత మాత్రమే పడింది. "గింత గట్టిదేందమ్మా" అన్నాడు కానిస్టేబుల్, ఈసారి ఎవరూ నవ్వలేదు. గోడకత్తయితే ఒక్క విసురుకు తెగేది. చివరికి కటింగు మిషను పెట్టాల్సి వచ్చింది. నిప్పురవ్వలు నా చీర మీద పడ్డాయి. తోక తెగి కింద పడినప్పుడు అది మోగింది, చిన్నగానే అయినా అదే మోత. అప్పుడు మాత్రం ఏడ్చాను. దీపిక నా తల పట్టుకుంది.

కమ్మీ అతికించడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

బీరువా ఖాళీగా ఉంటుందని బెంగపడ్డావు. బీరువా లేదు. దాన్ని అద్దాలతో సహా దీపిక బడికి ఇచ్చేశాను, పుస్తకాలు పెట్టుకుంటారట. ఆగిపోయిన వాళ్ళ నాటకం ఎల్లుండి వేస్తారు. అందరికీ కర్రకత్తులే, గోపాలు చెక్కుతున్నాడు. వాడు చెక్కినవి చూస్తే దూరానికి నిజమైనవే అనిపిస్తాయి. ఇకమీదట కొట్లో కత్తియుద్ధానికి అవే ఇద్దాం. గోడకత్తి అడిగినవాడికి ఇది గోడకే అని ముఖం మీద చెప్పి ఇద్దాం.

కత్తులన్నీ పోలీసులు తిరిగిచ్చేశారు. ఊడిన పిడులు అతికించి ఆ అయిదింటినీ, పక్కన మామయ్య కత్తినీ వరసగా గోడకు తగిలించాను. ఇవాళ మధ్యాహ్నం ముత్యాలు వచ్చాడు. సంగతంతా విన్నాడట, అయినా ఆశ చావలేదు. గోడ వంక ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. నల్ల పిడి దగ్గర ఆగను కూడా ఆగలేదు. "గీటిల అసలుది ఏదమ్మా?" అని అడిగాడు.

నీకు బెయిలు వచ్చిందని సంగీత పొద్దునే చెప్పింది. రేపు తనే కారులో తీసుకొస్తుంది. గుత్తొంకాయకు కొత్త కాయలు తెప్పించాను.

ముత్యాలుకు మాత్రం, "అసలుది రేపు మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది, వచ్చి చూసిపో" అని చెప్పాను.

నీ అత్త,
పద్మావతమ్మ.